నాయకుని ఎరుక

కుటుంబమునకు పెద్దయైనను, గ్రామమునకు పెద్దయైనను, రాజ్యమునకు ప్రభువైనను, నలుగురిని నడుపు స్థానమున నిలిచినవానికి ఒక పరీక్ష తప్పదు. అది కష్టకాలమున వచ్చునని లోకులు తలతురు. కాని కష్టమున మానవుడు సహజముగనే జాగరూకుడై యుండును, పెద్దల నడుగును, భగవంతుని తలచును. తన మాటకు ఎదురు లేనప్పుడు, తన బలమును అడ్డగించువాడు లేనప్పుడు వచ్చునదియే అసలైన పరీక్ష. అట్టివేళ నాయకుని నిలుపునది ఏది? పాండిత్యమా? లోకభీతియా? లేక వేరొక ఎరుకయా?

ఓరుగంటి సీమ ఈ ప్రశ్నకు రెండు తీరుల సమాధానము చెప్పుచున్నది. ఒకటి అచ్చటి భక్తకవి తెనిగించిన భాగవతగాథ. రెండవది అచ్చటి ప్రభువులు శిలలపై నిలిపిన చరిత్ర.

ఓరుగల్లునకు చేరువనున్న బమ్మెర గ్రామము పోతనామాత్యుని నివాసమని ప్రసిద్ధి. తన కృతిని రాజుల కీయక శ్రీరామచంద్రునకు సమర్పించిన ఆ మహనీయుడు, నవమస్కంధమున ఒక రాజుచరిత్రను భక్తితో గానము చేసెను. అది అంబరీషోపాఖ్యానము. సప్తద్వీపములకు అధిపతియైనను అంబరీషుడు తన సంపదను కలవలె భావించెను. రాజ్యమేలు చేతులతోనే హరిమందిరమును శుభ్రపరచెను.

సంవత్సరకాలము ద్వాదశీవ్రతము నడపి, మూడురాత్రు లుపవసించి, పారణకు సిద్ధమైన వేళ దుర్వాసమహర్షి అతిథియై వచ్చెను. స్నానమునకై కాళిందికి వెడలిన ముని తిరిగి రాకముందే ద్వాదశి గడిచిపోవుచుండెను. పారణ చేయనిచో వ్రతభంగము; అతిథికి ముందు భుజించినచో ధర్మభంగము. చక్రవర్తి తన ఇచ్చ వచ్చినట్లు చేసినచో కాదనువారు లేరు. అయినను అతడు విప్రోత్తముల నడిగెను. జలపానము భుజించుటయు అగును, భుజింపకుండుటయు అగునని వారి నిర్ణయమును గ్రహించి, శ్రీహరిని తలచి జలము మాత్రము గ్రోలెను. ఇది వివేకము.

ముని కోపించి కృత్యను సృజించెను. అది మీదికి వచ్చుచున్నను రాజు నిలిచినచోటినుండి కదలలేదు. ఇది స్థైర్యము. సుదర్శనము కృత్యను దహించి మునిని తరిమినది. ముల్లోకములు తిరిగి, శరణము కానక, ముని తుదకు రాజు పాదములపై వ్రాలెను. అంబరీషుడు సిగ్గుతో, జాలితో కుంగి, చక్రమును ప్రార్థించి మునిని కాపాడెను. ముని మరలి వచ్చుటకు ఒక సంవత్సరము పట్టినది. అంతకాలము రాజు జలముతోనే గడపెను. శత్రువు ఓడినవేళ సంతోషింపకుండుట, ఆపద వచ్చినవేళ బెదరకుండుటకంటె కష్టతరము. గీతాచార్యుడు యోగమని చెప్పిన సమత్వము ఇదియే.

ఈ మూడింటికిని మూలమొక్కటే. రాజ్యము తనది కాదని, తనను కాచుచున్న చక్రమును తనది కాదని అతడెరుగును. తన కడ నున్నది భగవంతుడు దాచియుంచిన న్యాసము. న్యాసమును కాపాడువాడు దానిని చూచి గర్వింపడు. దానితో పగ తీర్చుకొనడు.

ఇది పురాణపురుషులకే చెల్లునని కొందరనవచ్చును. కాకతీయుల చరిత్ర ఆ సందేహమును తీర్చును. యాదవులతో జరిగిన యుద్ధమున మహాదేవరాజు మరణించెను. ఆయన కుమారుడు గణపతిదేవుడు బందీయయ్యెను. సింహాసనము శూన్యమైన ఆ కాలమున రాజ్యమును నిలిపినవాడు సేనాని రేచర్ల రుద్రుడు. సైన్యము అతని చేతిలో నుండెను. రాజు పరుల చెరలో నుండెను. అయినను 1199 ప్రాంతమున గణపతిదేవుడు విడుదలయై వచ్చినంతనే రాజ్యము రాజునకు దక్కినది. రుద్రునకు కాకతిరాజ్యభారధౌరేయుడను బిరుదు నిలిచినది. భారమును మోయువాడే కాని సొంతదారు కాడని ఆ బిరుదే చాటుచున్నది. 1213లో అతడు పాలంపేటలో రుద్రేశ్వరాలయమును ప్రతిష్ఠించెను. రామప్ప గుడి యనబడు ఆ ఆలయము 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందినది.

చెరనుండి వచ్చిన ఆ గణపతిదేవుడే తీరాంధ్రము వరకు రాజ్యము నేలెను. ఆ కాలమున తుపానుకు చిక్కి తీరమున చెడిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను రాజులు బలాత్కారముగ గొనుచుండిరి. ఓడవర్తకునకు ఆ తీరమున బంధువు లేడు, అడుగువాడు లేడు. గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి ఆ ఆచారమును మాన్పెను. ప్రాణములకు తెగించి సముద్రయానము చేయువారికి ధనము ప్రాణముకంటెను గొప్పదని తలచి, దయతోను కీర్తికొరకును ధర్మముకొరకును, నిర్ణీతమైన సుంకము తప్ప తక్కిన సర్వమును విడుచుచున్నట్లు శాసనము పలుకుచున్నది. పరుల చేతిలో నిస్సహాయుడై యుండుట యెట్టిదో ఎరిగినవాడు గనుకనే నిస్సహాయుల ఆర్తి ఆయనకు తెలిసెనని ఊహించుట తప్పు కాదేమో.

అన్నియు భగవంతునివని తలచు నాయకుడు ఉదాసీనుడు కాడా యని సందేహము కలుగవచ్చును. అట్లు కానేరదు. గణపతిదేవుడు ఓడలను దోచుకొనలేదు. సుంకమును వదలుకొననూ లేదు. ముప్పది వంతులలో ఒక వంతు సుంకముగ నిర్ణయించెను. అది రాజ్యరక్షణకు కావలసిన ధనము. దానిని విడుచుట దయ కాదు, అశ్రద్ధ. అంబరీషుడును అతిథికొరకు వ్రతమును విడువలేదు. వ్రతముకొరకు అతిథిని విడువలేదు. తన సొమ్మును మరచువాడు కూడ, మంచివాడైనచో, ఇతరులు దాచిన సొమ్మును మరువడు. లోభము, అలసత్వము అను రెండింటి నడుమ నిలువగలవాడు న్యాసభావము కలవాడే.

1323లో ఢిల్లీ సైన్యములకు ఓరుగల్లు లొంగినది. కాకతీయుల కోట నేడు శిథిలమై యున్నది. కీర్తితోరణములు మాత్రము నాలుగు దిక్కుల నిలిచియున్నవి. నూరేండ్లు మించి పెరిగిన రాజ్యమే న్యాసమై మరలిపోగా, గృహస్థుని చేతిలోని చిన్న అధికారమెంత? ఇంటిలోని పసిపిల్లలపై, పనివారిపై, అప్పు తీర్పలేక ఎదుట నిలిచిన పొరుగువానిపై ప్రతివానికిని కొంత ప్రభుత్వము కలదు. అడుగువారు లేని ఆ చోటనే మోటుపల్లి తీరమున్నది. అచ్చట తనది కానిదానిని ముట్టకుండుటయే భగవదారాధనము.

సన్నిధిలో తీర్థము గ్రోలు ప్రతి భక్తునకును, ఒక పుడిసెడు జలముతో ధర్మమును నిలుపుకొనిన అంబరీషుని ఎరుకను శ్రీహరి అనుగ్రహించుగాక!