కడిగినా ఖాళీ కాని నోరు

పళ్లు తోమనిదే మంచినీళ్లయినా ముట్టని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పాచినోటితో దేవుడి పేరైనా ఎత్తరు. మాలిన్యం ఎక్కణ్ణుంచో వచ్చి చేరిందనీ, కడిగేశాక మిగిలేదే శుద్ధి అనీ ఈ ఆచారం వెనుక ఒక నమ్మకం. అది నిలబడదని మన శాస్త్రాలే చెప్పాయి. పతంజలి యోగసూత్రాల రెండో పాదంలో నియమాల్లో మొదటిది శౌచం. దాని ఫలితం చెప్పే సూత్రానికి వ్యాసభాష్యం ఇచ్చిన వివరణ ఇది: మట్టితో, నీళ్లతో ఎంత కడిగినా ఒంటికి శుద్ధి రాదని సాధకుడు కనుక్కుంటాడు, తన దేహం మీద రోత పుడుతుంది, తనదే ఇలా ఉంటే ఇక ఇతరుల దేహాలతో సంసర్గమెలా అనుకుంటాడు. భాష్యకారుడు గమనించిన నిజాన్ని ఒప్పుకుంటాను. అందులోంచి తేల్చిన రోతనీ దూరాన్నీ ఒప్పుకోలేను.

చిగుళ్ల జబ్బునే చూడండి. పంటికీ చిగురుకీ మధ్య సందు లోతై గార గట్టిపడితే బ్రష్ అక్కడికి అందదు. డాక్టరు సన్నటి వంపు మొనను చిగురు కిందికి దించి, వేరు మీది గారను గీకి తీస్తారు. వాపు తగ్గుతుంది, నెత్తురు ఆగుతుంది. కానీ నిమిషాల్లోనే లాలాజలంలోని ప్రొటీన్లు పంటి మీద పల్చటి పొర కడతాయి. గంటల్లో దాని మీద బాక్టీరియా మళ్లీ కుదురుకుంటాయి. రోజూ ఉప్పుతో పళ్లు రుద్దుకునే డచ్ పరిశోధకుడు లేవెన్‌హుక్ 1683లో తన పంటి పాచిని సూక్ష్మదర్శిని కింద పెడితే అందులో ప్రాణులు కదులుతూ కనిపించాయి. ఆరోగ్యంగా ఉన్న నోరూ ఖాళీగా ఉండదు. అక్కడ ఎవరున్నారు, ఎంతమంది, ఎంతకాలం కదలకుండా పేరుకున్నారు అన్నదే తేడా.

అలాంటప్పుడు శుభ్రం చేయడమెందుకని అడగవచ్చు. 1965లో వెలువడిన ఒక ప్రయోగంలో, డెన్మార్క్‌లో హారాల్డ్ లో అనే పరిశోధకుడి బృందం 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించింది. మూడు వారాల్లోపే అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక కుదుటపడ్డాయి. కాబట్టి శౌచం భ్రమ కాదు. ఒకసారి చేసి ముగించగలమనుకోవడమే భ్రమ. క్లీనింగ్ తర్వాత మంచి బాక్టీరియాను బిళ్లలుగా చప్పరిస్తే సరిపోదా అన్నది ఈ కాలపు ఆశ. లాక్టోబాసిల్లస్ రూటెరి వంటివాటితో జరిపిన పరీక్షల్లో కొన్ని, సందుల లోతు మరికాస్త తగ్గిందన్నాయి. కొన్నిటిలో తేడా లేదు. 2020 నాటి యూరప్ మార్గదర్శకాలు క్లీనింగ్‌కు తోడుగా వీటిని వాడవద్దనే సూచించాయి. బిళ్లలు ఆపితే ఆ కొత్త బాక్టీరియా నోట్లో సాధారణంగా ఎక్కువ కాలం నిలవదు. ఆలోచన తప్పని దీనర్థం కాదు. చంపడమొక్కటే దారి కాదని, పొరుగును మార్చవచ్చని గుర్తించడం నా దృష్టిలో పెద్ద మలుపే. కాకపోతే రోజువారీ శ్రద్ధ చేయవలసిన పనిని కొని తెచ్చుకున్న బిళ్ల చేసిపెట్టదు.

ఇక మొదట ఒప్పుకోలేనన్న దూరం సంగతి. సూక్ష్మజీవుల నుంచి మనుషుల నీతికి దూకకూడదన్న అభ్యంతరం న్యాయమైనదే. బాక్టీరియాను చూపించి సమానత్వాన్ని రుజువు చేయబోవడం లేదు. మనుషుల సమానత్వానికి ఆ ఆసరా అక్కర్లేదు కూడా. కానీ మనిషిని బావి దగ్గరికీ గుడి గడపలోకీ రానివ్వనివాళ్లు తమ దేహం శుద్ధమనీ, అవతలి దేహం మైల అనీ అన్నారు. అది దేహం గురించిన మాట. దేహాన్ని పరీక్షించి అబద్ధమని చెప్పగల మాట. పసిబిడ్డ నోటిలోకి తొలి బాక్టీరియా ఎక్కువగా వచ్చేది తల్లి నుంచి, ఇంట్లో ఎత్తుకున్నవాళ్ల నుంచి. సంసర్గం వద్దనే నోరు కూడా సంసర్గంతో నిండినదే. పతంజలి ఉద్దేశం వైరాగ్యమే గాని అంటరానితనం కాదనేవారున్నారు. నిజమే, యోగిని తన దేహాన్నీ వదులుకోమన్న దారి అది. తన దేహాన్ని మాత్రం పవిత్రమని అట్టేపెట్టుకుని ఎదుటివాణ్ణి తోసేసిన గృహస్థుకు ఆ సూత్రంలో చోటు లేదు.