జిదాన్ ఆడని రాత్రి

పాల్ లాంబర్ట్ జీవితంలో అన్నిటికన్నా గొప్ప పని, 1997 మే 28 రాత్రి మ్యూనిక్‌లో జినెదిన్ జిదాన్ ఆడకపోవడం.

జిదాన్ మైదానంలోనే ఉన్నాడు. ఆట మొదలైనప్పుడూ ఉన్నాడు, ముగిసినప్పుడూ ఉన్నాడు. యూరప్ ఛాంపియన్‌గా వచ్చిన యువెంటస్ జట్టుకు అతడే మెదడు. అయినా ఆ ఛాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్లో అతడు చేశాడని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. లాంబర్ట్ ఆడిన బొరూసియా డోర్ట్‌మండ్ 3-1తో గెలిచింది. చరిత్ర ఈ సంగతిని ఒక్క వాక్యంలో తేల్చేసింది: లాంబర్ట్ జిదాన్‌ను కట్టడి చేశాడు.

ఈ వ్యాసకర్తను వదలకుండా వేధిస్తున్నది ఆ వాక్యమే. జరిగినదాన్ని ఎవరి ఖాతాలో రాయాలో తెలుసు. జరగనిదాన్ని ఎవరి ఖాతాలో రాస్తాం? జిదాన్‌కు ఆ రాత్రి మనసు బాగోలేదేమో, కాలు బరువెక్కిందేమో, సహచరులే బంతి అందించలేదేమో. ఇన్ని 'ఏమో'లను పక్కకు నెట్టి ఒక మనిషి పేరు రాయడానికి మనకున్న ఆధారం ఏమిటి?

పునాది రాళ్లు కనబడవు అనే ఓదార్పు ఇక్కడ చెల్లదు. పునాది కనబడకపోయినా తవ్వితే దొరుకుతుంది. తాజ్‌మహల్ కట్టిన కూలీల పేర్లు అడిగే అలవాటు మనకు శ్రీశ్రీ నుంచి వచ్చింది. మంచి అలవాటే. కానీ వాళ్లు ఎత్తిన రాయి ఇవాళ్టికీ అక్కడ ఉంది, ముట్టుకుని చూడొచ్చు. లాంబర్ట్ ఏ రాయీ ఎత్తలేదు. ఇంకొకడు ఎత్తబోయిన రాయి లేవకుండా చూశాడు. ఆ లేవని రాయిని ఎక్కడ చూపిస్తాం?

ఫలితం మీద ఆశ పెట్టుకోకుండా పని చెయ్యమనే మాట కూడా ఈ పని దగ్గర తడబడుతుంది. గోల్ కొట్టేవాడి ప్రయత్నం విఫలమైనా కంటికి కనిపిస్తుంది. బంతి స్తంభానికి తగిలితే 'అయ్యో' అంటాం, ఆ 'అయ్యో'లో అతని శ్రమకు గుర్తింపు ఉంది. వెనక నిలబడి ఆపేవాడికి ఆ పాటి గుర్తింపైనా లేదు. జిదాన్ ఒక్కసారి తప్పించుకుని గోల్ కొట్టి ఉంటే, అంతకుముందు లాంబర్ట్ ఎన్ని దారులు మూశాడో ఎవరూ లెక్కపెట్టరు. ఫలితాన్ని తీసేస్తే అతని పనికి మరో రూపమే లేదు. అలాంటివాణ్ణి ఫలం అడగొద్దనడం నిర్దయ.

అసలు లాంబర్ట్ ఆ మైదానం దాకా రావడమే వింత. గ్లాస్గో పక్కన లిన్‌వుడ్‌లో పెరిగాడు. ఆ ఊరికి అన్నం పెట్టిన కార్ల ఫ్యాక్టరీ 1981లో మూతబడింది, అప్పటికి అతనికి పదకొండేళ్లు. పదిహేడేళ్లకే సెయింట్ మిరెన్ జట్టుతో 1987 స్కాటిష్ కప్ గెలిచాడు. తర్వాత మదర్‌వెల్. 1996లో అక్కడ ఒప్పందం ముగిసింది. ఒప్పందం ముగిసిన ఆటగాడు బదిలీ రుసుము లేకుండా వేరే క్లబ్బుకు వెళ్లొచ్చని యూరప్ న్యాయస్థానం బోస్మన్ కేసులో తీర్పిచ్చి అప్పటికి కొన్ని నెలలే. లాంబర్ట్ హాలండ్ వెళ్లి పీఎస్‌వీ ఐండ్‌హోవెన్ దగ్గర ట్రయల్స్ ఆడాడు, వాళ్లకు అక్కర్లేకపోయింది. అక్కణ్ణుంచి డోర్ట్‌మండ్ ట్రయల్స్‌కు వెళ్లాడు. వరసగా రెండేళ్లు జర్మన్ లీగ్ గెలిచిన జట్టది. రెండేళ్ల కిందట యుయెఫా కప్‌లో మదర్‌వెల్‌ను రెండు మ్యాచుల్లోనూ ఓడించిన జట్టు కూడా. కోచ్ ఓట్మార్ హిట్స్‌ఫెల్డ్ ముందుకు దూసుకెళ్లే ఈ మిడ్‌ఫీల్డర్‌ను వెనక్కి లాగి, రక్షణకు ముందు నిలబెట్టాడు. ఏడాది తిరగకుండానే జిదాన్ బాధ్యత అప్పగించాడు.

ఆ మ్యాచ్ వీడియోలో బంతిని వదిలేసి లాంబర్ట్‌ను మాత్రమే చూడాలని ప్రయత్నిస్తే ముందు విసుగొస్తుంది. కెమెరా బంతి వెంట పోతుంది. అతడు తెర అంచులో కనిపిస్తాడు, మాయమవుతాడు, మళ్లీ కనిపిస్తాడు. ఎక్కువసేపు చేసేది రెండడుగులు ఇటు, మూడడుగులు అటు. కాసేపటికి ఒక సంగతి తెలిసొస్తుంది. అతడు బంతిని చూసి జరగడం లేదు, బంతి ఎక్కడికి పోవాలనుకుంటోందో చూసి జరుగుతున్నాడు. యువెంటస్ మిడ్‌ఫీల్డర్ దిదియే దెషాం దగ్గరికి బంతి వస్తుంది. అతడు తలెత్తి చూస్తాడు. జిదాన్ వైపు దారి సన్నగా ఉంది. పక్కకు ఇచ్చేస్తాడు. అంతే. దీన్ని ఏ గణాంకాల పట్టికలోనూ ఎక్కించలేం. దెషాం పక్కకు పాస్ ఇచ్చాడని రాస్తారు, అది నిజమే.

29వ నిమిషంలో మాత్రం లాంబర్ట్ తెర మధ్యలోకి వచ్చాడు. కార్నర్ కిక్‌ను యువెంటస్ పూర్తిగా తరిమేయలేకపోయింది. కుడివైపు బంతి అందుకున్న లాంబర్ట్ గోల్ ముందుకు క్రాస్ వేశాడు. కార్ల్‌హైంజ్ రీడ్లె దాన్ని ఛాతీతో దించుకుని గోల్ కొట్టాడు. మరో ఐదు నిమిషాలకు రీడ్లె తలతో రెండోది. రెండో సగంలో యువెంటస్ ఆటగాడు డెల్ పియెరో మడమతో ఒకటి తిరిగిచ్చాడు. మైదానంలోకి వచ్చి నిమిషమైనా కాని ఇరవై ఏళ్ల డోర్ట్‌మండ్ కుర్రాడు లార్స్ రికెన్, తొలిసారి బంతిని తాకుతూనే దూరం నుంచి గోల్‌కీపర్ తల మీదుగా ఎత్తేసి ఆట ముగించాడు.

ఆ క్రాస్ గుర్తొచ్చినప్పుడల్లా మనసు కుదుటపడుతుంది, వెంటనే ఆ కుదుటపడటం మీద కోపం వస్తుంది. చూశారా, అతడూ ఒకటి చేశాడు అని వేలు పెట్టి చూపించడానికి ఏదో దొరికిందన్న ఊరట అది. అంటే మిగతా ఆటంతా పని కాదనేగా లోపల నమ్ముతున్నది?

మన నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్లు, ఈ చిక్కును ఎప్పుడో పట్టుకున్నారు. నేల మీద కుండ లేదు. ఆ లేకపోవడం కూడా ఒక పదార్థమేనని వాళ్లు పట్టుబట్టారు, అభావాన్ని ఏడో పదార్థంగా లెక్కలో చేర్చారు. ఇంకో షరతూ పెట్టారు: అభావం ఎప్పుడూ ఫలానాదాని అభావమే, ఉత్త అభావమంటూ ఉండదు. లేని కుండే ఆ లేమికి గుర్తింపు ఇస్తుంది. ఆ లెక్కన మ్యూనిక్ రాత్రికి గుర్తింపు ఇచ్చింది జిదాన్. ఎదురుగా మామూలు ఆటగాడుంటే లాంబర్ట్ అంతే చెమటోడ్చినా ఇవాళ ఎవరూ మాట్లాడరు. కుండ ఎవరిదో తెలుస్తుంది. దాన్ని తీసేసింది ఎవరో తర్కం చెప్పదు.

తర్వాతి సంవత్సరాలు సాక్ష్యం చెబుతాయా అంటే, చెబుతున్నట్టే ఉండి తప్పుకుంటాయి. 1998 ప్రపంచకప్ ఫైనల్లో జిదాన్ తలతో రెండు గోల్స్ కొట్టాడు. 2002లో రియల్ మాడ్రిడ్ తరఫున, లాంబర్ట్ సొంత గడ్డ గ్లాస్గోలో, హాంప్‌డెన్ పార్క్‌లో, గాల్లోంచి దిగుతున్న బంతిని ఎడమకాలితో అలాగే కొట్టి ఛాంపియన్స్ లీగ్ గెలిపించాడు. మ్యూనిక్‌లో ఆగిపోయింది ఇదన్నమాట అనిపిస్తుంది. ఆ మరుసటి ఏడాది రియల్ తన మిడ్‌ఫీల్డ్ కాపలాదారు క్లాడ్ మకెలెలెను చెల్సీకి అమ్మేసింది. ఆ తర్వాత 2007 దాకా ఒక్క కప్పూ గెలవలేదు. ఆపేవాడి విలువకు ఇంతకన్నా రుజువు ఏం కావాలని అడుగుతారు. కానీ అదే కాలంలో ఆ క్లబ్బులో కోచ్‌లు మారారు, ఆటగాళ్ల వయసు మీద పడింది. మళ్లీ ఒక లేమి, మళ్లీ అదే ప్రశ్న.

ఆ రాత్రి ఏం జరిగిందో పూర్తిగా తెలిసినవాడు జిదాన్ ఒక్కడేనేమో అని ఒకప్పుడు అనిపించేది. ఆ ఆలోచనా నిలవలేదు. తన దగ్గరికి రాకుండా దారి మళ్లిన పాస్‌లు జిదాన్‌కు మాత్రం ఎలా తెలుస్తాయి? దారి మళ్లించిన దెషాంకు కూడా తను ఎందుకు మళ్లించాడో తెలిసి ఉండకపోవచ్చు, అదీ తన నిర్ణయమే అనుకుని ఉంటాడు. లాంబర్ట్ పని ఇతరుల నిర్ణయాల్లో కరిగిపోయింది. అలా కరిగించగలగడమే అతని నేర్పు. ఇంత దూరం వచ్చాక ఈ వ్యాసకర్త ఒక పక్షం ఎంచుకోక తప్పదు: లాంబర్ట్ ఖాతాలోనే రాయాలి. నిరూపించలేం, అయినా రాయాలి. నిరూపించగలిగినదానికే పేరు పెడతామంటే గోల్ కొట్టినవాళ్లు తప్ప ఆటలో ఎవరూ మిగలరు.

లోకం మాత్రం వేరే లెక్కలో నడుస్తుంది. లాంబర్ట్ 1997 నవంబరులో సెల్టిక్‌కు వచ్చి నాలుగు లీగ్ టైటిళ్లు గెలిచాడు, ఆ జట్టుకు కెప్టెన్ అయ్యాడు, స్కాట్లండ్ తరఫున 40 మ్యాచులు ఆడి ఒక్క గోల్ కొట్టాడు. తర్వాత మేనేజర్ అయ్యాడు. 2009 ఆగస్టులో అతని కొల్‌చెస్టర్ జట్టు నార్విచ్ సిటీని వాళ్ల సొంత మైదానంలోనే 7-1తో చితక్కొట్టింది. పది రోజులు గడిచాయో లేదో నార్విచ్ అతణ్ణే పిలిచి మేనేజర్‌గా పెట్టుకుంది. రెండేళ్లు వరసగా పై శ్రేణికి ఎక్కి, 2011లో ప్రీమియర్ లీగ్ చేరింది. ఏడు గోల్స్ అందరికీ కనబడ్డాయి మరి.