కోతకు పోయే జీవానికి మందెందుకు?

నంద్యాల నవనందుల ఊరు. ప్రథమ నంది, నాగ నంది, సోమ నంది పట్టణంలోనే ఉన్నాయి. మిగిలినవి మహానంది దాకా చుట్టుపక్కల పరచుకున్నాయి. నందికి ఇంతగా మొక్కే నేల మీద మేకకు గుడి లేదు. జాతరకో, బక్రీదుకో, ఆదివారం కూరకో పెరిగే జీవం అది. అందుకే ఆళ్లగడ్డ, రుద్రవరం వైపు నల్లమల అంచున మేసే మందలో ఏ పోతుకో ముల్లు దిగి కాలు చీము పట్టినా, చెవి కింద గడ్డ లేచినా, మొదట వినిపించే మాట ఒకటే: ఎలాగూ కోతకు పోయేదానికి మందెందుకు? ఈ మాట అనేవాళ్లు రాతిగుండెవాళ్లేం కారు, ఖర్చుకు వెనకాడేవాళ్లు. అయినా చావు ఖాయమైన చోట నొప్పికి లెక్క లేదన్న వాదం అందులో దాగి ఉంది. ఆ వాదం తప్పు. చావు మనకూ ఖాయమే, అయినా పంటి నొప్పికి పరుగెత్తుతాం. ఆ జీవం ఇంకెన్నాళ్లు బతుకుతుంది, దానికి మనం దండం పెడతామా లేదా అన్నదాన్ని బట్టి నొప్పి తగ్గదు. కాళ్లకు తాడు కట్టి దాన్ని మన అధీనంలో ఉంచుకున్న రోజే ఆ నొప్పి మన బాధ్యత అయింది.

దీనికి పాత సాక్ష్యం మనకు దగ్గరలోనే ఉంది. ఉమ్మడి కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద క్రీ.పూ. మూడో శతాబ్దపు అశోకుడి శాసనాలున్నాయి. మొదటి శాసనం బలిని వద్దంటూనే, రాజుగారి వంటశాలలో ఇంకా రెండు నెమళ్లు, ఒక జింక చస్తున్నాయని, మున్ముందు అవీ చావవని చెబుతుంది. రెండో శాసనం మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశామని, మందుమొక్కలు లేని చోట తెప్పించి నాటించామని చెబుతుంది. రెండూ కలిపి చదివితే తెలిసేది ఇది: చంపడం పూర్తిగా ఆగాకే వైద్యం మొదలుపెడదామని అశోకుడు కూర్చోలేదు. మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం నడిచిందీ ఈ దారినే. మతాచారం ప్రకారం చంపడాన్ని 28వ సెక్షన్ నేరంగా చూడదు. కానీ జీవాన్ని చూసుకునేవాడు దానికి అనవసరమైన బాధ కలగనివ్వకూడదని మూడో సెక్షన్ ఆదేశిస్తుంది. ఆ మినహాయింపు కత్తి దిగే ఘడియకే గాని, అంతకుముందు నెలల తరబడి కుళ్లే పుండుకు కాదు. మాంసం తినాలా వద్దా అన్న చర్చ తేలేదాకా పుండు ఆగదు.

ఇక్కడ దయ అంటే జాలిపడటం కాదు, రోజూ చూడటం. చెవి కింద, భుజం ముందు గట్టిగా లేచే గడ్డ చాలాసార్లు గ్రంథిలో చేరిన చీము. పండితే జున్నులా చిక్కగా వస్తుంది. దాన్ని దొడ్డిలోనే కోసి మట్టిలో పిండితే చీములోని క్రిమి నేలలో నెలలపాటు బతికి మందంతా పాకుతుంది. జీవాన్ని వేరుగా కట్టి, డాక్టరు చేత కోయించి, చీము పట్టిన దూదిని కాల్చేయాలి. దవడ కింద మెత్తగా వేలాడే వాపు వేరు. సాయంత్రం మేసి వచ్చినప్పుడు పెరిగి, తెల్లారేసరికి తగ్గినట్టుంటుంది. కనురెప్ప తిప్పి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంటుంది. కడుపులో నులిపురుగులు రక్తం పీల్చడం వల్లో, కాలేయంలో జలగల వల్లో చేరిన నీరది. దాన్ని కోసినా, దాని మీద వాతలు పెట్టినా కొత్త పుండు తప్ప ఏమీ మిగలదు. పొద్దునా సాయంత్రం రెండుసార్లు చూసినవాడికే ఈ తేడా తెలుస్తుంది. ఈగ వాలిన గాయంలో ఒక్క రోజులోనే పురుగులు పడతాయి. టర్పెంటైన్‌లో తడిపిన దూది పెడితే అవి పైకి వస్తాయి, ఒక్కొక్కటీ ఏరేయాలి. కడిగి మందు రాశాక చుట్టూ వేపనూనె పూయాలి. మర్నాడు మళ్లీ చూడకపోతే మొదటి రోజు కష్టమంతా వృథా.

అది దాని కర్మ, మనమెవరం అడ్డుపడటానికి అనేవారున్నారు. ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వెళ్లి స్తంభంలోంచి వచ్చిన దేవుడికి మొక్కేవాళ్లు ఆ మాట అనలేరు. స్తంభంలో ఉన్నవాడు మేకలో లేడని ఎలా చెబుతాం? పైగా పూర్వజన్మ లెక్కలు మనకు తెలియవు, కళ్లముందు చీము కారే గాయం తెలుసు. కాపరి వైద్యం చేసేది ధర కోసమే కదా, అందులో ధర్మమేముంది అని మరో మాట. ధర కోసం కడిగినా పుండు మానుతుంది, స్వార్థం కలిసినంత మాత్రాన ఆ పని చెడదు. బరువైన అభ్యంతరం పేదరికానిది. ఉప్పునీళ్లకు, శుభ్రమైన గుడ్డకు పెద్ద ఖర్చు లేదు, 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. అంతకు మించిన భారాన్ని కాపరి ఒక్కడి మీదే వేయడం అన్యాయం. ఆ జీవాన్ని తినేవాళ్లకూ, మొక్కు తీర్చుకునేవాళ్లకూ అందులో వాటా ఉంది.

ఖుర్బానీకి జబ్బుపడినది, కుంటిది, బక్కచిక్కినది పనికిరాదని ఇస్లాం నియమం. జాతర పోతుకూ లోపం ఉండకూడదని పెద్దలు ఒళ్లంతా తడిమి చూస్తారు. లోపం లేని ఒళ్లు పండగ రోజున ఊడిపడదు, ఏడాదంతా ఎవరో కనిపెట్టుకుని ఉంటేనే దక్కుతుంది. కాబట్టి కొనేవాళ్లకు ఒక మనవి. ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో, ఆ మందు వేశాక మాంసం తినకుండా ఆగాలని డాక్టరు చెప్పిన గడువు తీరిందో లేదో అడగండి. మానిన మచ్చ మొక్కుకు అడ్డు కాదని మీ పెద్దలు చెబితే, దాన్ని చూపి బేరం తగ్గించకండి.