తలనొప్పికి సాక్షులెవరు?

జ్వరానికి థర్మామీటరు ఉంది. దెబ్బకి కట్టు ఉంది. తలనొప్పికి మాత్రం, అది పడుతున్న మనిషి మాట తప్ప వేరే సాక్ష్యం లేదు. ఆ మనిషి స్త్రీ అయితే ఆ మాటకు విలువెంత? ఇది వైద్యానికి సంబంధించిన ప్రశ్నే కాదు, నీతికి సంబంధించినది కూడా.

నాది ఒక్క పేరులో ఇమిడే తలనొప్పి కాదు. పొద్దున మెడ దగ్గర మొదలై, తల చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టుంటుంది. సాయంత్రానికి ఒక కణత దగ్గర చేరి పోటుగా మారుతుంది. కడుపులో తిప్పుతుంది. వెలుతురు, పోపు వాసన, కుక్కర్ కూత ఏదీ భరించలేను. మొదటిదాన్ని టెన్షన్ తలనొప్పి అనీ, రెండోదాన్ని మైగ్రేన్ అనీ అంటారు. రెండూ కలిసినదాన్ని ఒకప్పుడు మిశ్రమ తలనొప్పి అనేవారు. 2018 నాటి అంతర్జాతీయ వర్గీకరణ రెండింటినీ విడివిడిగా గుర్తించమంటుంది. మూడు నెలలకు మించి, నెలకు 15 రోజులో అంతకన్నా ఎక్కువో తలనొప్పి ఉండి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలుంటే అది దీర్ఘకాలిక మైగ్రేన్. మెడనొప్పి కూడా చాలామందిలో మైగ్రేన్‌లో భాగమే.

మైగ్రేన్ మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. బహిష్టుకు ముందు ఈస్ట్రోజెన్ పడిపోవడం అందుకొక కారణం. ఇంత తెలిసినా మనకి ఎక్కువగా దొరికేది "టెన్షన్ తగ్గించుకోమ్మా" అన్న సలహాయే. ఆ ఒక్క మాటతో జబ్బు కాస్తా స్వభావ దోషమైపోతుంది. తగ్గించుకోవడానికి ఇంటిపని ఎవరు పంచుకుంటారో మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ అపనమ్మకానికి ఇంకో మూలం ఉంది. భర్తని దూరం పెట్టడానికి ఆడవాళ్లు చెప్పే సాకుగా తలనొప్పి మీద ఎన్ని జోకులో! 'నాకిష్టం లేదు' అన్న మాట చెల్లని ఇంట్లో 'తలనొప్పిగా ఉంది' అన్నదొక్కటే చెల్లుతుంది. అది అబద్ధమా? కావచ్చు. కానీ దాని బాధ్యత నిజాన్ని చెల్లనివ్వని వాళ్లది. మూల్యం మాత్రం నిజంగా నొప్పితో చీకటిగదిలో పడుకున్న స్త్రీ చెల్లిస్తోంది.

అనారోగ్యం మీద 1926లో అచ్చయిన వ్యాసంలో వర్జీనియా వుల్ఫ్, తలనొప్పిని చెప్పడానికి ఇంగ్లీషులో మాటలు లేవని వాపోయింది. తెలుగుకి ఆ పేదరికం లేదు. పోటు, దిమ్ము, భారం, పార్శ్వపు నొప్పి... మాటలున్నాయి. వినేవాళ్లే కరువు.

విననప్పుడు ఏం చేస్తాం? మాత్ర మింగి పనిలో పడతాం. దాన్ని సహనమని మెచ్చుకుంటారు కూడా. కానీ మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులకు, ట్రిప్టాన్లో మిశ్రమ మాత్రలో అయితే 10 రోజులకు చేరితే, ఆ మందులే కొత్త తలనొప్పిని తెచ్చిపెట్టగలవు. మెచ్చుకోలు కోసం మింగిన మాత్రలకు కూడా లెక్క ఉంటుందన్నమాట.

అందుకే ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. తేదీ, నిద్ర, భోజనం వేళ, నెలసరి, ఎటువైపు నొప్పి, ఎన్ని మాత్రలు. వేళకు నిద్రా తిండీ ఎంత అవసరమో, నొప్పి రాకుండా ముందునుంచీ వాడే మందులు పనిచేస్తున్నాయో లేదో అందులో తెలుస్తుంది. దాన్ని డాక్టరుకి చూపిస్తాను. ఇంట్లోవాళ్లకు చూపించను. చికిత్సకు వివరాలు కావాలి. నమ్మడానికి నా మాట చాలాలి.