చిత్రమును చూపువాని ధర్మము

చెవితో విన్నదానికంటె కంటితో చూచినదానిని నమ్ముట మానవ స్వభావము. కావుననే చిత్రములతో కథ చెప్పువాని బాధ్యత మిక్కిలి పెద్దది. పూర్వము ఊరికి ఒకరిద్దరు కథకులుండెడివారు. నేడు సెల్‌ఫోను చేతనున్న ప్రతి బాలుడును కథకుడే. కష్టజీవులైన పూర్వికుల కథను తెరమీద చూపునపుడు ఎంతవరకు అలంకరింపవచ్చును? ఎచ్చట ఆగవలెను? ఈ ప్రశ్న కూలీల వంశమున పుట్టిన ప్రతి కుటుంబమునకు సంబంధించినదే.

అమెరికాలో అరిజోనా రాష్ట్రమున చాండ్లర్ అను నగరము కలదు. 1912లో వెలసిన ఆ ఊరు ప్రత్తి చేల నడుమ పెరిగినది. 1980 మొదలు ఇంటెల్ సంస్థ అచ్చట చిప్పులు తయారుచేయుచున్నది. తెరమీద బొమ్మ కదలవలెనన్న అట్టి చిప్పులే ఆధారము. తెలుగు కుటుంబములు అనేకము నేడు ఆ నగరమున సుఖముగా జీవించుచున్నవి. కాని ఆ ప్రాంతమున ఎండలో ప్రత్తి తీసిన కూలీల కథ కూడ ఒకటి యున్నది. చాండ్లర్‌కు దక్షిణమున నున్న ఈలాయ్ అను ఊరిలో 1940 నవంబరున డొరోతియా లాంగ్ అను ఆమె ఒక వలస కూలీ ఛాయాచిత్రము తీసినది. అతడు అరచేతిని వెలుపలికి త్రిప్పి నోటికి అడ్డముగా పెట్టుకొని నిలిచియున్నాడు. ఆ చిత్రము లోకప్రసిద్ధమైనది. చూచినవారి మనస్సు కరగినది. అయినను దాని శీర్షికలో అతడు ప్రత్తి కూలీ అని మాత్రమే యున్నది; అతని పేరు లేదు.

మారిషస్‌లో దీనికి విరుద్ధమైన సంగతి కనబడును. 1834 మొదలు ఆ ద్వీపమునకు లక్షలాది భారతీయులు ఒప్పందపు కూలీలై వెళ్లిరి. వారిలో తెలుగువారిని కోరంగి రేవు పేరుమీద కోరంగీలనిరి. 1867 నాటి చట్టము ప్రకారము ఒప్పందము ముగిసిన కూలీలు తమ ఛాయాచిత్రముగల టిక్కెట్టును దగ్గర నుంచుకొని తిరుగవలసివచ్చెను. అది లేక పట్టుబడినవారికి శిక్ష తప్పలేదు. ఆ కాలపు దస్తావేజులు, చిత్రములు నేటికిని మోకా పట్టణమందలి మహాత్మా గాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. కూలీ పేరు, సంఖ్య, తండ్రి పేరు, వచ్చిన ఓడ అన్నియు వానిలో వ్రాయబడినవి. ఆ మనిషి మనస్సున ఏమున్నదో వ్రాయుట మాత్రము ఎవరికిని అక్కరలేకపోయినది.

ఒకచోట హృదయమున్నది, పేరు లేదు. ఇంకొకచోట పేరున్నది, హృదయము లేదు. రెంటిని కలుపవలెనను కోరిక మంచిదే. చాండ్లర్‌లో నున్న ఒక మనుమడు తన ముత్తాత టిక్కెట్టు బొమ్మను సంపాదించెననుకొందము. కృత్రిమ మేధ సాయమున దానికి రంగులద్దును, కనురెప్పలు కదలించును, పెదవులపై చిరునవ్వు పుట్టించును. చూచిన బంధువులు ఆనందబాష్పములు రాల్చుదురు. కాని ఆ నవ్వు ఎవరిది? పోలీసు భయముతో తీయించుకొన్న చిత్రమున నవ్వు నుంచినచో ఆ చట్టమే దయగలదిగా తోచును. ప్రేమతో చేసిన పని యైనను, ముత్తాత పడిన బాధను అది కప్పివేయును. కాదని చెప్పుటకు ఆయన లేడు.

అట్లని కల్పన పనికిరాదా? ఉత్త దస్తావేజులు చూపిన పిల్లలు లేచిపోవుదురని కొందరందురు. అది నిజమే. రసము లేని కథ ఎవరికిని పట్టదు. తోలుబొమ్మలాటవారు ఈ సంగతి బాగుగా నెరిగినవారు. రామాయణము నడుమ జుట్టుపోలిగాని, బంగారక్కను దింపి జనులను కడుపుబ్బ నవ్వించిరి. అయినను వారు ఎవరిని మోసగింపలేదు. ఏది రామకథయో, ఏది హాస్యమో తెర ముందు కూర్చున్న పసివాడును ఎరుగును. తప్పు చెప్పినచో సభలోని పెద్దలు అచ్చటనే అడ్డుపడగలరు. కథకుడు, ప్రేక్షకుడు ఒకే పందిరిక్రింద నున్నందున ఆ కట్టుబాటు నిలిచినది.

నేటి తెరకు పందిరి లేదు. బొమ్మ ఒక్క రాత్రిలో చాండ్లర్ నుండి మారిషస్‌కు, ఫిజీకి, డర్బన్‌కు పోవును; చెప్పినవాడు దానివెంట పోడు. కావున ఏది దస్తావేజు, ఏది ఊహ అను మాట ఆ బొమ్మమీదనే వ్రాసి పంపవలెను. మొదట మార్పులేని మూలచిత్రమును చూపవలెను. పేరు, ఓడ, సంవత్సరము తెలిసినంతవరకు చెప్పవలెను. తెలియనిచోట ఖాళీని ఖాళీగానే విడువవలెను. అటుపిమ్మట ఊహను ఊహయని చెప్పి ఎంత రసవంతముగా చూపినను దోషము లేదు.

సంఖ్యలతో పిలువబడిన ఆ పెద్దలకు ఆనాడు తమ ముఖముమీద తమకే అధికారము లేకపోయినది. వంశీకులైనను ఆ ముఖమును తమ ఇష్టమువచ్చినట్లు మార్చక గౌరవించుదురుగాక.