బోర్డు మీద రాయనిది

మెహిదీపట్నంలో ఒక అపార్ట్‌మెంటు. అందులో ఎదురెదురు ఫ్లాట్లలో ఇద్దరు పెద్దమనుషులు ఉండేవారు. ఒకాయన బ్యాంకు మేనేజరుగా, ఇంకొకాయన స్కూలు మాస్టారుగా రిటైరయ్యారు. ఆదివారం తెల్లారితే చాలు, చెరో సంచీ పట్టుకుని రైతుబజారుకు బయల్దేరేవారు. వెళ్లే దారి ఒకటే, కొనే చోటూ ఒకటే. ఇంటికొచ్చాక కూర రుచి మాత్రం ఒకటి కాదు.

మేనేజరుగారికి రైతుబజారంటే ప్రాణం. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇవి మొదలైన కొత్తలోనే ఆయన ఖాతాదారుగా చేరిపోయారు. వాటి లెక్కంతా ఆయనకు కంఠతా వచ్చు. “మధ్యలో దళారీ లేడు. రైతుకు గుర్తింపు కార్డు ఉంటుంది, తన పంట తనే తెచ్చి అమ్ముకుంటాడు. రోజూ పొద్దున్నే మండీ ధరలు చూసి, అంతకన్నా కాస్త ఎక్కువగా, బయటి చిల్లర ధరకన్నా కాస్త తక్కువగా రేటు కట్టి బోర్డు మీద రాస్తారు. అటు రైతుకూ లాభమే, ఇటు మనకూ లాభమే” అని దారిపొడుగునా చెప్పేవారు. పోయిన ఆదివారం విన్నదే అయినా మాస్టారు ఊకొడుతూ నడిచేవారు.

గేటు దాటగానే మేనేజరుగారు బోర్డు ముందు ఆగి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ధరలన్నీ ఎక్కించుకునేవారు. ఈలోగా మాస్టారు బజారంతా ఒక చుట్టు చుట్టి వచ్చేవారు. ఆ చుట్టులోనే ఉంది ఆయన సంబరమంతా. తడి గోనెపట్టా కప్పిన పుదీనా కట్టలు, వేళ్లకు ఇంకా మట్టి వదలని పాలకూర, నీళ్లు చిలకరించగానే గుప్పుమనే మెంతికూర. ఎండాకాలం మొదట్లో చింతచిగురు, ముసురు పట్టాక బోడకాకర, సంక్రాంతి దగ్గర పడుతుంటే అనపకాయ, పచ్చి కందికాయ. ఏది కొన్నా కొనకపోయినా అన్నిటినీ ఒకసారి పలకరించకపోతే ఆయనకు తోచేది కాదు.

చివరికి ఇద్దరూ చేరేది ఒక పెద్దమ్మ దగ్గరికే. చేవెళ్ల అవతలి పల్లె నుంచి చీకటితోనే ఆటోలో కూరగాయల మూటలతో వచ్చేదామె.

“బెండ ఎంతమ్మా?” అనేవారు మేనేజరుగారు.

“బోర్డు మీద రాసిండ్రు గద సారూ.”

“రాస్తే రాశారు. నువ్వెంతకిస్తావు? రెండు రూపాయలు తగ్గించు.”

ఆమె తగ్గించేది కాదు. ఆయన అడగడం మానేవారు కాదు. ఆ తర్వాత కుప్ప ముందు వంగి, ఒక్కొక్క కాయా తిప్పి తిప్పి చూసి ఏరుకునేవారు. ఒకసారి లేతవో కాదోనని బెండకాయల తోకలు పుటుక్కుపుటుక్కున తుంచుతుంటే ఆమెకు ఒళ్లు మండింది. “తోకలు తుంచకు సారూ, తుంచినయి మల్లెవరు కొంటరు?” అని కసిరింది. అప్పట్నుంచి ఆయన చేతికి పని తగ్గించి, కంటికి పెంచారు.

మాస్టారి పద్ధతి వేరు. ముందు చతికిలబడేవారు. “మీ దిక్కు వానలెట్లున్నయమ్మా?” అని మొదలుపెట్టేవారు. వానల నుంచి బావిలో నీళ్లకు, నీళ్ల నుంచి పురుగుకు, పురుగు నుంచి ఆ రోజు కోతకు మాట సాగేది. “ఇవ్వాళ ఏది బాగుంది?” అన్నది ఆఖరి ప్రశ్న. ఆమె ఏది తీసిస్తే అదే సంచిలో వేసుకుని, బోర్డు మీద ఉన్న ధర లెక్కపెట్టి ఇచ్చేవారు.

శ్రావణమాసంలో ఒక ఆదివారం. బెండకాయలు ఏపుగా, నిగనిగలాడుతూ కుప్పపోసి ఉన్నాయి. మేనేజరుగారు వాటిలో పెద్దవి చూసి కిలో ఏరుకున్నారు. మాస్టారు కూడా “ఇవి ఎట్లున్నయమ్మా?” అంటూ బెండకాయల మీదికి చెయ్యి చాపితే పెద్దమ్మ అడ్డం పడింది.

“నీకొద్దు సారూ. మొన్న రెండు దినాలు ముసురు వట్టింది, చేన్ల కాలు వెట్టరాలే. కోత తప్పితే బెండ ముదురుతది. బోడకాకర తీస్కపో, పొద్దుమీకి తెంపినయి.”

మేనేజరుగారు అప్పటికి డబ్బులిచ్చి, పక్కన ఉల్లిగడ్డల బేరంలో పడ్డారు. ఆ మధ్యాహ్నం ఎదురింట్లో బోడకాకర వేపుడు ఘుమఘుమలాడుతుంటే, ఆయన కంచంలో బెండకాయ గోనెనారలా పళ్లకు చుట్టుకుంది. “ఇంత పెద్దవి ఎవరేరమన్నారండీ?” అని భార్య అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. మాస్టారి ద్వారా అసలు సంగతి తెలిశాక మాత్రం కోపం వచ్చింది.

మరుసటి ఆదివారం వెళ్లీ వెళ్లగానే నిలదీశారు. “ఇద్దరం నీ దగ్గరే కొంటున్నాం. ముదిరాయని ఆయనకు చెప్పి నాకు చెప్పవా? ఇదేం న్యాయం?”

పెద్దమ్మ కాకరకాయలు తూకం వేస్తూనే అంది. “ఆ సారు ఎట్లున్నయని అడిగిండు, చెప్పిన. నువ్వు ఎంతకని అడిగినవు, అది గూడ చెప్పిన. అడిగినదానికి అబద్ధం చెప్తే అను నన్ను.”

“అడక్కపోయినా చెప్పొచ్చు కదమ్మా?”

“ఏం చెప్పాలె సారూ? మంచి కాయకే రెండు రూపాయలు తగ్గియ్యమంటవు. ముదిరిందని నా నోటితోని చెప్తే పది తగ్గియ్యమనవా? తగ్గియ్యకపోతే నలుగురిల చాటింపేయవా? ఆ సారు ఎన్నడూ నా మాట పట్టుకుని నా ధర కొయ్యలే. అందుకే ఆయనతోని మాట్లాడుతుంటే నాకు భయం గాదు.”

పక్క కొట్టు రైతు కిసుక్కున నవ్వాడు. మేనేజరుగారు మనిషి పట్టుదల గలవాడే గాని మొండివాడు కాదు. కాసేపు తటపటాయించి, “సరేనమ్మా, ఇవ్వాళ నన్నేం తీసుకోమంటావు?” అన్నారు.

“పుంటికూర. ఎర్రకాడది పులుపెక్కువ, పచ్చడికి బాగుంటది. తెల్లకాడది పప్పులకు. ఇంట్ల ఏం జేస్తరు?”

ఆ సంగతి ఆయనకు తెలీదు. ఇంటికి ఫోన్ చేసి కనుక్కోవాల్సి వచ్చింది. ఇన్నేళ్ల కాపురంలో వంట గురించి ఆయన తనంత తనుగా అడగడం అదే మొదలని భార్య నవ్వి, రెండూ తెమ్మంది.

నీతి: ధర సంగతి బోర్డు చెబుతుంది, సరుకు సంగతి పండించిన మనిషే చెప్పాలి. ఎదుటివాళ్లు విప్పి చెప్పిన ప్రతి నిజాన్నీ బేరానికి వాడుకునే వాడికి ఎవరూ నిజం చెప్పరు. కూరగాయల దగ్గరే కాదు, ఇల్లు కట్టే మేస్త్రీ దగ్గరా ఇంతే. రైతుబజారులో కూరగాయలు చౌకే, అందులో అనుమానం లేదు. కానీ చౌక సరుకు ఇంకోచోటా దొరకవచ్చు. ఫోను నొక్కితే నిమిషాల్లో గుమ్మంలోకీ రావచ్చు. “ఇవ్వాళ ఇది వద్దు” అని చెప్పి తన సరుకు తనే అమ్మకుండా ఆపే మనిషి మాత్రం అలా రాడు. పొద్దున్నే ధర పేచీ తీర్చేసి బోర్డుకెక్కించారంటే, మనకు మిగిలింది మాట కలపడమే. రెండు రూపాయలు తగ్గించుకున్నవాడికి మిగిలేవి ఆ రెండు రూపాయలే. అమ్మేవాళ్ల నమ్మకం సంపాదించుకున్నవాడు మాత్రం ముదురు బెండకాయ ఇంటికి మోసుకెళ్లడు.