ఘాట్ రోడ్డుకు ఇటూ అటూ

దేశాల సంస్కృతిని అంకెల్లో కొలవబోయిన డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ ‘పురుషత్వ సూచీ’ ఒకటి కట్టాడు. జపాన్‌కి 95, స్వీడన్‌కి 5, మనకి 56. ఆడామగా పాత్రల తేడా అంత తక్కువన్న స్వీడన్‌కి తొలి మహిళా ప్రధాని 2021లో గానీ రాలేదు. మనకి 1966లోనే ఇందిరాగాంధీ వచ్చింది. అంతమాత్రాన మనం ముందున్నామని ఎవరనగలరు?

నర్సీపట్నంలో నిలబడి చూస్తే ఆ 56 ఎవరిదో అంతుపట్టదు. చింతపల్లి బస్సెక్కి ఘాట్ రోడ్డు దాటితే మన్యం. ఇక్కడ ఆడపిల్ల పెళ్లంటే తండ్రి కట్నానికి పొలం అమ్ముతాడు. కొండమీద ఆచారం ప్రకారం పెళ్లికొడుకు వాళ్లే ఓలి ఇచ్చుకోవాలి. అరకు లోక్‌సభ స్థానం 2014లో కొత్తపల్లి గీతని, 2019లో గొడ్డేటి మాధవిని, 2024లో గుమ్మా తనూజారాణిని, వరసగా ముగ్గురు ఆడవాళ్లని ఢిల్లీకి పంపింది. అది ఎస్టీ సీటే గాని మహిళలకు కేటాయించిన సీటు కాదు. నర్సీపట్నం 2009లో బోళెం ముత్యాలపాపని అసెంబ్లీకి పంపింది. ఆ తర్వాత మూడుసార్లూ మగవాళ్లే.

అయితే సమానత్వం కొండమీదే ఉందా? అలా అనుకోవాలని మనసు లాగుతుంది గాని నమ్మలేను. ఓలి ఇచ్చేది చాలావరకు పిల్ల రెక్కల కష్టానికి. కలుపు తీసేదీ, సంతకి పసుపు మోసేదీ ఆమే. ఆ భూమిలో వాటా మాత్రం చట్టం ఇవ్వలేదు: 1956 నాటి హిందూ వారసత్వ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని అందులోనే రాసుంది.

కింద చట్టానికి లోటు లేదు. దేశమంతా 2005లో తెచ్చుకున్న సవరణని ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే చేసి, పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. అయినా “పసుపుకుంకుమల కింద ఇచ్చేశాం కదమ్మా” అన్న ఒక్క మాటతో అన్నదమ్ములు ఆ వాటాని మింగేస్తున్నారు. గట్టిగా అడిగిన పిల్లకి పండక్కి పుట్టింటి నుంచి పిలుపు రాదు. ఆ భయంతోనే ఎంతమంది నవ్వుతూ సంతకాలు పెట్టి వెళ్లిపోతారో! నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ నవ్వే.

గిరిజన స్త్రీల వారసత్వం సంగతి చూడమని సుప్రీంకోర్టు 2022లో కేంద్రానికి చెప్పింది. మార్చగలిగేది పార్లమెంటు. అరకు నుంచి వెళ్లే సభ్యురాలు అక్కడ ఈ మాట ఎత్తి పట్టుబట్టాలని నా కోరిక. వాటా వచ్చాక కొండమీది అన్నదమ్ములు ఓలిని మానేసి, కిందివాళ్ల దగ్గర పసుపుకుంకుమల మాట నేర్చుకుంటారేమోనన్న దిగులూ ఉంది.